బాలింత నడికట్టు: ఎంపిక, వాడుక, జాగ్రత్తలు



గడచిన వేసవిలో మేము గజపతినగరమున మా బంధువుల యింట నాలుగు దినములు గడుపుట తటస్థించెను. చంపావతీనది చెంతనున్న ఆ యూరు, చుట్టుపట్ల పల్లెలవారు అంగడి పనికిని, వైద్యమునకును, రైలుబండికిని వచ్చి చేరెడి కూడలి. మేము దిగిన యింట ఆ దినములలో పురిటి సందడి. ఆ యింటి ఆడపడుచు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చి, శస్త్రచికిత్సచే ఆడుబిడ్డను కని, ఆసుపత్రినుండి యిల్లు చేరి యుండెను. మేము వెళ్లిన దినమునకు బిడ్డకు తొమ్మిది దినములు.

ఆ బాలింత నడుమునకు నల్లని సాగుడుపట్టీ యొకటి బిగించి యుండెను. భర్త దూరపుటూర ఉద్యోగము చేయుచు, చేతిఫోనులో బొమ్మ చూచి, పెండ్లినాటి రవిక, లంగాల కొలతలనుబట్టి దానిని తెప్పించి పంపెనట. స్నానమునకు తప్ప దానిని విప్పరాదని పొరుగింటి యామె బోధించినదట. అమ్మమ్మగారికి ఆ నల్లపట్టీ యెంతమాత్రమును నచ్చలేదు. "మా కాలమున పాత నేతపంచె చుట్టుకొనెడివారము, ఈ రబ్బరు లెక్కడివమ్మా" అని ఆమె మాతో ననిరి. కాని బిగువు విషయమున ఆమెయు పొరుగింటామె పక్షమే. "బిగించి కట్టుకోయే గుంటా! లేపోతే కడుపు కడుపులాగే ఉండిపోద్ది" అని మనుమరాలిని హెచ్చరించుచునే యుండిరి. ఆ పిల్లయు పండ్లు బిగబట్టుకొని ఆ పట్టీని మోయుచుండెను.

రెండవనాటి సాయంకాలము బిడ్డకు పాలిచ్చుచు ఆ పిల్ల వణకసాగెను. తల్లి నుదుట చేయివైచి చూడగా ఒళ్లు కాలుచుండెను. వేసవి యెండవలన నేమోయని యొకరు, పాలు గడ్డకట్టినవేమోయని యొకరు తలకొకమాట చెప్పుచుండిరి. అంతలో అమ్మమ్మగారే ముందు లేచి, "ముందా పట్టీ విప్పండి" అనిరి. విప్పి చూడగా కుట్ల వెంబడి చర్మము ఎఱ్ఱనై, చెమటతో నాని, ఒకమూల చీము కారుచుండెను. పట్టీ నలుపుగుటచే ఆ మరక బయటికి కనబడలేదు. ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోగా, గాయము శుభ్రపరచి, మందులు పెట్టిరి. దేవుని దయవలన పిల్ల కోలుకొనెను. వైద్యురాలు చెప్పినమాట మాత్రము మా మనస్సున నాటుకొనెను: "గాయమునకు చీము ఎవరికైనను పట్టవచ్చును. పట్టీయే దానిని తెచ్చినదని నేను చెప్పలేను. కాని మూడు దినములనుండి దానిని మీ కంట బడనీయనిది మాత్రము పట్టీయే."

ఈ సంగతి కన్నులార చూచినపిమ్మట, బాలింత నడికట్టునుగూర్చి మన సోదరీమణులకు నాలుగు మాటలు వ్రాయుట మా విధియని తోచినది. నేడు ఆంధ్రప్రదేశమున శస్త్రచికిత్సా ప్రసవములు సామాన్యమైనవి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేననుసరించి ఈ రాష్ట్రమున నూటికి 42 మందికి పైగా బిడ్డలు ఆ విధముననే పుట్టిరి. దేశమంతటికి చూచిన ఆ లెక్క నూటికి 21 పైచిలుకు మాత్రమే. మన అమ్మమ్మల నడికట్టు కుట్లులేని కడుపునకు ఏర్పడినది. మన కూతుండ్ర నడికట్టు కుట్లున్న కడుపుమీద పడుచున్నది. కావున పాత యలవాటును విడువనక్కరలేదు గాని, కొత్త కన్నులతో చూడవలసియున్నది.

పెద్దల యాచారము

ప్రసవానంతరము నడుమునకు గుడ్డ చుట్టుట మన తెలుగునాట మాత్రమే గల యాచారము కాదు. మలయాదేశపు స్త్రీలు బెంగ్కుంగ్ అను పొడవైన గుడ్డను తుంటినుండి రొమ్ముక్రిందివరకు చుట్టుకొందురు. మెక్సికో మున్నగు దేశములలో ఫాహా యను నడుముపట్టీ కలదు. ఇంగ్లండు, అమెరికా దేశముల ప్రసూతిశాలలలో సైతము ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున దాదులు బాలింతలకు వెడల్పైన గుడ్డకట్టును కట్టుచుండిరి. ఇన్ని దేశముల ఆడువారు ఒకరినొకరు చూడకయే ఒకే పని చేసిరన్న, అందు వట్టి మూఢత్వమే కలదనుట తగదు. బిడ్డను మోసి మోసి సడలిన కడుపునకు ఆసరా కావలయునని బాలింత శరీరమే యడుగును. లేచునపుడు, దగ్గునపుడు, నవ్వునపుడు ఆమె చేయి తనంతట తానే పొత్తికడుపుమీదికి పోవుట మీరు చూచియే యుందురు. మంచి నడికట్టు ఆ చేయి చేయు పనినే చేయవలయును. అంతకు మించి దానినుండి ఏమియు కోరరాదు.

కడుపు తగ్గునది దేనిచేత?

"కట్టు కట్టకున్న గర్భసంచి దిగదు" అను మాట మనయిండ్లలో తరచు వినబడును. ఇది నిజము కాదు. ప్రసవమైన వెంటనే గర్భాశయము సుమారు ఒక కిలో తూగుచు, దాని పైయంచు బొడ్డు దరిదాపున నుండును. అది దినమునకు సుమారొక వ్రేలి వెడల్పు చొప్పున దిగుచుండును. వారము నాటికి అరకిలో యగును. రెండు వారములకు కటివలయము లోనికి దిగి, పైనుండి చేతికి తగులదు. ఆరు వారములకు నూరు గ్రాములకు లోబడును. ఈ పని యంతయు ఆ గర్భాశయ కండరమే ముడుచుకొనుచు చేసికొనును. బిడ్డ చన్ను కుడుచునపుడు తల్లి శరీరమున ఆక్సిటోసిన్ అను రసము ఊరి ఆ ముడుచుకొనుటకు తోడ్పడును. పాలిచ్చునపుడు మొదటి దినములలో పొత్తికడుపున మెలిపెట్టినట్లుండుట అందువలననే. కావున గర్భసంచిని దింపునది గుడ్డ కాదు, చంటిబిడ్డ నోరు.

ఇక పైకి కనబడు పొట్ట మాట. బొడ్డునకు ఇరువైపుల నిలువుగా రెండు కండరపు పట్టీలున్నవి. వానిని కలుపుచు నడుమ తెల్లని గట్టిపొర యొకటి కలదు. నెలలు నిండుకొలది ఆ పొర సాగి, రెండు పట్టీలును ఎడమగును. ఇది రోగము కాదు, బిడ్డకు చోటిచ్చుటకై ప్రకృతి చేసిన యేర్పాటు. ప్రసవానంతరము చాలమందికి కొలది వారములలో ఆ యెడము చాలవరకు తగ్గును. కొందరికి ఆలస్యమగును. నార్వే దేశమున తొలిచూలు తల్లులు 300 మందిని పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధనలో, ఆరు వారములకు నూటికి 60 మందికిని, ఆరు నెలలకు 45 మందికిని, ఏడాదికి 33 మందికిని ఆ యెడము మిగిలియుండెనని తేలినది. అనగా, బిడ్డ ముడ్డి మోపి కూర్చుండు వేళకు తల్లి పొట్ట మునుపటివలె కాకుండుట లోకసహజము. నెల తిరుగకుండ "ఇంకను పొట్ట దిగలేదేమి?" యని బాలింతనడుగు చుట్టములు ఈ లెక్కను మనస్సున నుంచుకొనిన, ఆమెకు పెద్ద యుపకారము చేసినవారగుదురు.

అట్లయిన నడికట్టు ప్రయోజనమేమి? శస్త్రచికిత్సయైన తల్లులలో కట్టు కట్టినవారిని, కట్టనివారిని పోల్చి చూచిన పరిశోధనలు పెక్కు కలవు. కొన్నింట మొదటి దినములలో నొప్పి తగ్గినదనియు, లేచి నడచుట సులువైనదనియు కనుగొనిరి. మరికొన్నింట చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. దీనినిబట్టి మేము గ్రహించినదిది: సుఖముగ నున్నచో కట్టుకొనవచ్చును. కట్టుకొననియెడల నష్టము లేదు. లేచి నాలుగడుగులు నడచుటకు ధైర్యమిచ్చెనా, అదియే దాని ఫలము. ఆ నడక చిన్నది కాదు. ప్రసవము తరువాతి ఆరు వారములలో కాలిసిరలలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము హెచ్చు. దానిని తగ్గించుటకు త్వరగా లేచి మెల్లమెల్లగ తిరుగుటయే మంచి యుపాయము.

బిగువు వలన కీడు

సగము నిండిన నీళ్లతిత్తిని నడుమ బిగించి చూడుడు. నీరెచటికి పోవును? కొంత పైకి, కొంత క్రిందికి. బాలింత కడుపును అమితముగ బిగించినను అట్లే యగును. పైకి త్రోసిన ఒత్తిడి వలన ఊపిరి చాలకుండుట, పుల్లని త్రేన్పులు, భోజనము సయింపకుండుట కలుగును. క్రిందికి త్రోసిన ఒత్తిడి మరింత చెఱుపు. మూత్రాశయమును, గర్భాశయమును క్రిందినుండి మోయు కటికండరములు ప్రసవమున సాగి అలసియుండును. వానిపై ఆ బరువు పడిన, దగ్గినపుడు మూత్రము జారుటయు, క్రింద ఏదో దిగుచున్నట్లు బరువు తోచుటయు హెచ్చవచ్చును. పొట్ట సన్నబడునని బిగించి, దిగువ కట్టడమును సడలించుకొనుట ఏ మాత్రము లాభసాటి బేరము?

ఎట్టి నడికట్టు కొనవలయును?

కొట్లలో దీనిని బెల్టు అనియే యడుగుదురు. వెల కొన్ని వందల రూపాయలనుండి వేయికి పైబడియుండును. వెల హెచ్చినకొలది గుణము హెచ్చునని తలపరాదు. దొరకువానిని ముఖ్యముగ నాలుగు తెగలుగ చెప్పవచ్చును.

మొదటిది ఇంటి గుడ్డ. దీనికి పొందూరు సన్నఖద్దరు అక్కరలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన నేతపంచెయో, నూలు చీరయో చాలును. జానెడు పైచిలుకు వెడల్పున మడచి, నడుమునకు రెండు చుట్లు వచ్చి ముడికి మిగులునట్లు అయిదారు మూరల పొడవు తీసికొనవలయును. గాలి యాడును, ఉతుకుట సులువు, కొలత తప్పు రాదు. లోపమేమన, తానుగా కట్టుకొనుట కష్టము, నడచుకొలది జారును.

రెండవది ముందువైపు అంటించుకొను వెల్క్రో పట్టీ. శస్త్రచికిత్సయైన వారికి అంగడి వస్తువులలో ఇదియే మేలు. కూర్చున్నపుడు సడలించి, లేచినపుడు కొంచెము బిగించుకొనవచ్చును. గాయము చూచుకొనుటకు క్షణములో విప్పవచ్చును.

మూడవది కాళ్లనుండి పైకి తొడుగుకొను బిగువు లాగు. కుట్లు మానకముందు ఇది తగదు. దాని యంచు గాయముపై రాయును. పాయిఖానాకు పోయినప్పుడెల్ల లాగి దించుట కుట్లకు శ్రమ.

నాలుగవది నడుమును సన్నము చేయునని చెప్పి యమ్ము గట్టి కమ్ముల కవచము. ఇది సింగారమునకు పుట్టినదేగాని బాలింతకు పుట్టినది కాదు. పక్కటెముకలను గ్రుచ్చి, ఊపిరిని బంధించును. దీనిని కొనవలదని మా గట్టి సలహా.

కొలత విషయమున పెక్కుమంది మోసపోవుచున్నారు. గర్భమునకు ముందటి కొలత పనికిరాదు. ప్రసవించిన పిమ్మట నిలుచుండి, బొడ్డు మట్టమున టేపు చుట్టి, ఊపిరి మామూలుగ విడిచినపుడు వచ్చు కొలతయే సరియైనది. రెండు సైజుల నడుమ వచ్చిన పెద్దదానినే తీసికొనుడు. రోజులు గడచినకొలది పొట్ట తగ్గును గావున, ఎక్కువదూరము సవరించుకొనదగినది మంచిది. చర్మమునకు తగులువైపు నూలుండవలయును. రబ్బరు పడనివారికి దద్దురులు లేచును గావున, ఒక పూట కొంచెముసేపు కట్టి చూచుకొనుడు. వంగి కూర్చున్నపుడు ఒరిపిడి లేని యంచు గలదానిని ఎన్నుకొనుడు. రంగు తెలుపో, లేతదో కావలయును. నెత్తురు మరకగాని, చీము మరకగాని తగిలిన వెంటనే కంటబడవలయును గదా! గజపతినగరపు పిల్ల విషయమున నలుపు చేసిన కీడు మీరు వినియున్నారు. మన ఉత్తరాంధ్రపు వేసవి చెమటకు ఒకటి చాలదు. రెండుండిన, ఒకటి ఉతికి యెండలో నారవేసి, రెండవది వాడుకొనవచ్చును. తడిసినదానిని ఎన్నడును కట్టుకొనరాదు.

ఎప్పుడు, ఎట్లు, ఎంతసేపు?

సహజ ప్రసవమైనవారు ఒకటి రెండు దినములలో, ఒళ్లు కుదుటబడి సుఖముగ తోచినపుడు మొదలుపెట్టవచ్చును. శస్త్రచికిత్సయైనవారు తమకు కోసిన వైద్యుల నడిగిన పిమ్మటనే కట్టుకొనవలయును. కొందరు మరునాడే కట్టుకొనుమందురు, కొందరు గాయము చూచి చెప్పుదురు. వారు వద్దన్న మానవలయును.

కట్టు విధానము: వెల్లకిల పరుండి, మోకాళ్లు ముడిచి, గుడ్డను నడుము క్రిందుగ పరచుకొనవలయును. తుంటి యెముకల మట్టమున మొదలుపెట్టి క్రిందినుండి పైకి చుట్టవలయును. పైనుండి క్రిందికి చుట్టిన బరువంతయు అడుగునకు దిగును. పక్కటెముకలకు దిగువనే యాపివేయుడు. ముడి ప్రక్కకు రావలయునుగాని, వెన్నుపూసమీదను, కుట్లమీదను రాకూడదు. ఒడిలో పసిబిడ్డ యుండును గావున పిన్నీసులు వాడవలదు. కుట్లమీద పసుపు, బూడిద, ఆకుపసరు మున్నగునవి పెట్టి పైన కట్టుట మిక్కిలి యపాయకరము. గాయము పొడిగ నుండి, పైన శుభ్రమైన మెత్తని గుడ్డ యుండిన చాలును.

బిగువు సరిగా నున్నదని తెలిసికొనుటకు అయిదు గుర్తులు. కట్టునకును ఒంటికిని నడుమ రెండు వ్రేళ్లు సులువుగ దూరవలయును. నిండ ఊపిరి తీయుట సాగవలయును. కూర్చుండి బిడ్డకు పాలిచ్చినను యిబ్బంది కాకూడదు. దగ్గినపుడు క్రిందికి బరువు దిగినట్లు తోచకూడదు. విప్పిన పిమ్మట చర్మముపై లోతైన గుంటలు పడియుండకూడదు. ఇందేది తప్పినను సడలింపుడు.

నడచునపుడు, పనిచేయునపుడు, ప్రయాణమున ఇది యుపకరించును. పరుండునపుడు, నిదురించునపుడు విప్పివేయవలయును. భోజనవేళ సడలించుట మేలు. తొలుత ఒకటి రెండు గంటలు కట్టి, సుఖమునుబట్టి పెంచుకొని, నడుమ నడుమ విప్పి ఒంటికి గాలి తగులనీయుడు. దినమునకు రెండుమారులైనను గాయమును వెలుతురున పరీక్షింపుడు. తనకు వంగి చూచుకొన వీలులేనియెడల తల్లియో, అప్పయో చూడవలయును. రెండుమూడు వారములనుండి క్రమముగ తగ్గించుచు, ఆరు వారములనాటికి మానుట సామాన్యముగ తగును. అటుపిమ్మటను కట్టులేక నిలువజాలనియెడల, మరియొక కట్టు కొనక వైద్యులకు చూపించుకొనవలయును.

జ్వరము, గాయమున చీముగాని ఎఱ్ఱదనముగాని, చర్మమున పొక్కులు, ఆయాసము, గర్భాశయము జారుట గలవారు కట్టు కట్టరాదు. బొడ్డువద్ద బుడిపె పొడుచుకొనివచ్చిన వారు వైద్యుల సలహా లేనిదే తాకరాదు.

కట్టుకన్న బలమైనవి

కట్టు బయటి ఆసరా. లోపలి ఆసరాను తిరిగి తెచ్చుకొనుటకు వేరు సాధనములు కలవు. అందు మొదటిది ఊపిరి. పరుండి మోకాళ్లు ముడిచి, ముక్కుతో నిదానముగ గాలి పీల్చి, విడుచునపుడు పొత్తికడుపును మెల్లగ లోనికి తీసికొనవలయును. రెండవది కటికండరముల వ్యాయామము. మూత్రము నాపుకొనునట్లు లోనికి బిగించి, అయిదు లెక్కించునంతసేపు నిలిపి, పూర్తిగ వదలవలయును. పదేసి సారులు, దినమునకు మూడుమారులు చాలును. నొప్పి లేనియెడల కొలది దినములలోనే మొదలిడవచ్చును. మూడవది నడక. ఇంటిలో మొదలై, వాకిలికి, అటనుండి వీధి చివరకు. పరుండి తల కాళ్లు ఒక్కసారి లేపు కఠిన వ్యాయామములు తొలినాళ్ల చేసినచో కండరముల యెడము మరింత హెచ్చవచ్చును.

శస్త్రచికిత్సయైనవారు పక్కమీదినుండి తిన్నగ లేవరాదు. ప్రక్కకు తిరిగి, కాళ్లు క్రిందికి దించి, చేతి యూతతో లేవవలయును. దగ్గు వచ్చినపుడు చిన్న తలగడను కుట్లపై అదిమి పట్టుకొనిన నొప్పి తగ్గును. తమ బిడ్డకన్న బరువైనదేదియు సుమారు ఆరు వారములు ఎత్తరాదు. బాలింతకు నీరు పనికిరాదని దాహము చంపుట మన ప్రాంతమున నేటికిని కొన్ని యిండ్ల కలదు. పాలిచ్చు తల్లికి నీరు తగ్గిన మలబద్ధకమగును. ముక్కినపుడు కుట్లకును, కటికండరములకును కీడు. దాహమైనంత నీరు, ఆకుకూర, పప్పు, పండ్లు ఆమెకు పెట్టవలయును.

ప్రసవమై ఎనిమిది వారములు గడచినను, పరుండి తల కొంచెమెత్తినపుడు బొడ్డువద్ద రెండు వ్రేళ్లకు మించిన యెడము చేతికి తగిలిన, వైద్యులకు గాని, వ్యాయామ చికిత్స నేర్చిన ఫిజియోథెరపిస్టులకు గాని చూపుడు. తగిన వ్యాయామముతో పెక్కుమందికి గుణము కనబడును.

కట్టు కప్పిపుచ్చరాని సంగతులు

ఈ క్రిందివానిలో ఏది కనబడినను కట్టు విప్పి, జాగు చేయక ఆసుపత్రికి పోవలయును: గంటలోపల గుడ్డ నిండ తడిసిపోవు నెత్తురు, 100.4 డిగ్రీలకు మించిన జ్వరము, దుర్వాసనగల స్రావము, కుట్లు ఎఱ్ఱనై, చీము పట్టి, విచ్చుకొనుట, ఒక పిక్క వాచి నొప్పిపెట్టుట, ఆయాసము, గుండెనొప్పి, తీవ్రమైన తలనొప్పి, కన్నులు మసకలు గ్రమ్ముట, ఫిట్లు. మన రాష్ట్రమున 2005 నుండి 108 సంఖ్యకు పిలిచిన ఆంబులెన్సు వచ్చును. రాత్రియని, మైలయని, పురుడు వెళ్లలేదని సంకోచింపవలదు. ఆశా కార్యకర్తలు ప్రసవానంతరము 3, 7, 14, 21, 28, 42 దినములలో ఇంటికి వచ్చి చూచు నియమమున్నది. శస్త్రచికిత్సయైనవారికి ఆ రాక ఆసుపత్రినుండి యిల్లు చేరినపిమ్మట మొదలగును. ఆమె వచ్చినపుడు బిడ్డను మాత్రమే చూపి పంపక, తల్లి గాయమును గూడ చూపింపవలయును.

విశ్రాంతికి బదులు కట్టు కాదు

చివరకొక మాట. గజపతినగరము చుట్టుపట్ల పల్లెలలో కూలికి పోవు తల్లులు పెక్కుమంది కలరు. ఊడుపుల కాలము వచ్చినచో నెల దాటిన బాలింత సైతము నడుమునకు గుడ్డ బిగించుకొని మడిలో దిగుట మేమెఱుగుదుము. "కట్టున్నది గదా, ఏమగును?" అని ఇంటివారి ధైర్యము. కట్టు నొప్పిని కొంత మరపించును గాని, సాగిన కండరమునకు సత్తువ పోయజాలదు. నీళ్లబిందెను ఇంకొకరు మోసిపెట్టుట, రాత్రి బిడ్డను ఒక జామైన అత్తగారో, భర్తయో ఎత్తుకొనుట, ఆమెను రెండు గంటలు ఎడతెగక నిద్రపోనిచ్చుట, ఇవి ఏ యంగడిలోను దొరకనివి, ఏ పట్టీకిని తీసిపోనివి. భర్తలు పట్టీ కొని పంపుట మంచిదే. నెలదినములు సెలవుపెట్టి తామే వచ్చిన మరియు మంచిది.

మేము తిరుగు ప్రయాణమగుదినమున ఆ పిల్ల పడమటి పంచలో కూర్చుండి బిడ్డకు పాలిచ్చుచుండెను. నల్లపట్టీ దండెమునుండి మాయమయ్యెను. కుట్లు మాని, వైద్యురాలు సరే యన్నపిమ్మట కట్టుటకని అమ్మమ్మగారు తన పెట్టెలోని తెల్లని నేతపంచెను తీసి, నీట మరగబెట్టి, యెండలో నారవేసియుండిరి. "ఎంత బిగువుగా కట్టుదురు, అమ్మమ్మగారూ?" అని మేమడుగగా ఆమె నవ్వి, రెండు వ్రేళ్లెత్తి చూపి, "ఈ రెండూ దూరినంత" అనిరి. డెబ్బదియేండ్లు దాటిన యామె మూడు దినములలో నేర్చుకొనినదానిని మనము నేర్చుకొనుట కష్టము కాదు. సోదరీమణులారా, మీ యింట పురుడు వచ్చినపుడు ఆ రెండు వ్రేళ్లను జ్ఞప్తియందుంచుకొనుడు.